మూలబడిన ఆయిలింజను



మన పల్లెలలో బావిగట్టు పాకలయందును, పశువులకొట్టముల వెనుకను పాత ఆయిలింజనులు పడియుండుట మీరెరిగినదే. ఒకప్పుడు వాని చప్పుడు తెల్లవారుజామున ఊరికెల్ల వినబడెడిది. ఏ బావికడ ఎవరి ఇంజను నడచుచున్నదో ఇంట కూర్చుండియే చెప్పగల పెద్దలుండిరి. విద్యుత్తు మోటారులు వచ్చిన పిదప ఆ ఇంజనులు మూలబడినవి, పిమ్మట త్రుప్పుపట్టినవి, తుదకు పాత ఇనుము కొనువాని తక్కెడ కెక్కుచున్నవి. అట్లు అమ్మివేయుటకు ముందు ఒక్కమారు యోచింపుడని చెప్పుటకును, మూలబడిన ఇంజనుయొక్క రోగమును ఏ క్రమమున కనుగొనవలెనో తెలుపుటకును నేడు మీ ముందుకు వచ్చితిని. నేను ముప్పదియేండ్లు ఫిట్టరు పని నేర్పి విరమించినవాడను. ఇప్పుడు చెప్పబోవునది చేతులారా చేసిన పనియే.

మొదట ఈ యంత్రము మనయొద్దకు వచ్చిన విధమును క్లుప్తముగా చెప్పెదను. ఇంజనులు రాకపూర్వము బావులనుండి నీరు మోటచేతను, ఏతముచేతను పారెడిది. జత యెద్దులును, ఒక మనిషియు పగలెల్ల శ్రమించినను తడియు నేల కొంచెమే. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో, మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఆంగ్లేయుడు, ఆయిలింజనుతో పంపును నడపి బావినీటిని పైకి తీయు పద్ధతిని నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రచారము చేసెను. అంతకుమునుపే, 1897వ సంవత్సరమున, రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజనును జయప్రదముగా నడపి చూపియుండెను. మనము నేడు డీజిలు అని పిలుచునది ఆయన పేరే. పిమ్మట ఇంగ్లండులోని డర్స్లీ అను చిన్నపట్టణమున లిస్టరు కంపెనీవారు, రెండు బరువైన చక్రములు గలిగి నిమిషమునకు ఆరువందల చుట్లు మాత్రమే తిరుగు నెమ్మది ఇంజనును తయారుచేసిరి. ఆ నమూనా 1930 ప్రాంతమున మొదలై 1987 వరకు తయారైనది. దానినే పోలిన ఇంజనులను గుజరాతులోని రాజకోట కర్మాగారములవారు అనేక సంవత్సరములు చేసి దేశమంతట అమ్మిరి. మన పాకలలో పడియున్న పెద్దచక్రముల ఇంజనులలో పెక్కు ఈ జాతివే. ఇవి మరమ్మతు చేసికొనుటకు అనువుగా నిర్మింపబడినవి. ప్రతి భాగమును పానాతో విప్పవచ్చును, మరల బిగింపవచ్చును. ఆ కారణముననే వీనిమీద ఆశ వదలుకొనరాదని నా మనవి.

ఇక ఇంజను నడచు మర్మము. డీజిలు ఇంజనులో మంట పుట్టించు నిప్పురవ్వ యుండదు. పిస్టను క్రిందికి దిగునప్పుడు గాలిని లోనికి పీల్చును. పైకి వచ్చునప్పుడు ఆ గాలిని సిలిండరులో బిగించి నొక్కును. సైకిలుపంపుతో గాలికొట్టునప్పుడు పంపు అడుగు వేడెక్కుట మీరు చూచియుందురు. ఇదియు నట్టిదే. కాని ఇచ్చట నొక్కుడు మిక్కిలి గట్టిది గనుక గాలి ఐదారువందల డిగ్రీలవరకు కాగును. సరిగా ఆ సమయమునకు నాజిలు ద్వారా సన్నని తుంపరగా డీజిలు పడినచో అది తనంతట తానే మండి పిస్టనును క్రిందికి తోయును. మరల పైకి వచ్చునప్పుడు పొగ బయటికి పోవును. ఇంతే ఇంజను. కావున అది నడవకున్నచో వైద్యుడు నాడి చూచినట్లు మనము ఐదు ప్రశ్నలు వరుసగా అడుగవలెను. తిరుగుచున్నదా? గాలిని బిగబట్టుచున్నదా? నూనె లోనికి చేరుచున్నదా? సరియైన వేళకు చేరుచున్నదా? లేచిన పిదప అదుపున నుండునా? ఈ వరుస తప్పి, తోచినచోట పానా పెట్టువాడు బాగుగనున్న భాగములను గూడ చెరచును.

ఈ ఐదు ప్రశ్నలు ఒక కుటుంబమున కెట్లు తోడ్పడినవో చెప్పెదను. అనంతపురము జిల్లాలో చెరువుక్రింద ఒక పల్లె. అచ్చట నాకు వరుసకు మామయగు ఒక వృద్ధ రైతునకు మూడెకరముల చీనీతోట కలదు. చీనీ యనగా ఇతర ప్రాంతములవారు బత్తాయి యనునదే. చైత్రమాసపు ఎండలలో, చెట్లు పిందెపట్టి యున్న తరుణమున, బావిమోటారుకు విద్యుత్తు నిచ్చు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయెను. కొత్తది ఎప్పుడు వచ్చునో తెలియరాలేదు. పిందెపట్టినప్పుడు నీరు తప్పినచో పిందెలు రాలును. ఎండలు ముదిరినకొలది చెట్టునకే చేటు వచ్చును. చీనీచెట్టు నాటిన పిదప కాపునకు వచ్చుటకు నాలుగైదేండ్లు పట్టును. కావున అది ఒక్క పంట మాట కాదు. బావిలో నీరు కలదు. పైకి తీయు సాధనము లేదు. పాకలో పదునాలుగేండ్లుగా కదలని ఆరు గుఱ్ఱముల శక్తిగల ఇంజను పడియుండెను. ఆ మరునాడే దానిని తూకమునకు అమ్ముటకు కుమారులు బేరము కుదుర్చుకొని యుండిరి.

నేను వెళ్లి చూచుచుండగా ఆ వృద్ధుడు, "ఏమప్పా, ఈ ఇనుముకు మళ్లీ ఉసురు వస్తాదంటావా?" అని అడిగెను.

"చూడకుండా మాటియ్యలేను మామా. ఐదు దినాలు బేరం ఆపు, చాలు" అంటిని. ఆయన బేరమాపెను. కుమారులు లేతచెట్లకు ట్యాంకరుతో నీరు తెప్పించి కడవలతో పోయసాగిరి.

మొదటి ప్రశ్న: తిరుగుచున్నదా? తిరుగలేదు. పిస్టను సిలిండరులో త్రుప్పుతో పట్టుకొనియుండెను. ఇట్టి సమయమున చక్రమునకు గడ్డపాఱ తగిలించి నలుగురు లాగుట పల్లెలలో కద్దు. అట్లు చేసినచో రింగులు విరుగును. ఒకొకప్పుడు కనెక్టింగు రాడ్డు వంగును. మేము హెడ్డు విప్పి, డీజిలును ఇంజనాయిలును సమపాళ్లలో కలిపి పిస్టనుమీద నిలుచునట్లు పోసితిమి. రెండు రాత్రులు నాననిచ్చితిమి. మూడవనాటి యుదయమున పిస్టనుపై చెక్కదిమ్మ నుంచి సుత్తితో మెల్లగా తట్టుచు, చక్రమును ముందునకు వెనుకకు ఊపితిమి. మొదట వెండ్రుకవాసి కదలెను, పిదప అంగుళము, గడియసేపటికి పూర్తిచుట్టు తిరిగెను. త్రుప్పును వదలించునది నానుడే గాని బలము కాదు.

రెండవ ప్రశ్న: గాలిని బిగబట్టుచున్నదా? పిస్టనును పైకి తీసి చూడగా రెండు రింగులు బొగ్గుమసిలో కూరుకొని కదలకుండెను, ఒకటి విరిగియుండెను. కిరసనాయిలులో నానవేసి, మసి గోకి, విరిగినదానిస్థానమున కొత్తది వేసితిమి. సిలిండరు గోడమీది త్రుప్పును సన్నని ఎమరీ కాగితముతో నూనె తడిపి తుడిచితిమి. గోరు తగులునంతటి గాడి లేకపోవుట మా అదృష్టము. ఉన్నచో పట్టణమునకు బోయి లైనరు మార్పింపవలసియుండెడిది. పొగవాల్వు అంచు గుంటలుపడి యుండెను. దానికి గ్రైండింగు పేస్టు పూసి, తన పీఠముమీదనే అటునిటు త్రిప్పి, అంచు చుట్టును సమముగా బూడిదరంగు గీటు ఏర్పడువరకు నూరితిమి. వాల్వు సరిగా కూర్చున్నదో లేదో తెలిసికొనుట కొక సులభోపాయము కలదు. హెడ్డును తలక్రిందుచేసి వాల్వు గుంటలో కిరసనాయిలు పోసి కొంతసేపు చూడవలెను. వెనుకనుండి చెమ్మ కనబడకున్నచో వాల్వు బాగుగనున్నట్లే. పేస్టు ఏమాత్రము లోపల మిగులకుండ కడుగుట ముఖ్యము. మిగిలినచో అదే సిలిండరును అరగదీయును.

హెడ్డు విప్పకుండగనే ఈ లోపము తావును కనుగొను విధము గూడ చెప్పెదను. చక్రమును నొక్కుడు వచ్చువరకు త్రిప్పి వదలినచో బాగుగనున్న ఇంజనులో అది బంతివలె వెనుకకు ఎగురును. ఎగురక మెత్తగా పోయినచో చెవిపెట్టి వినుడు. గాలి పీల్చుగొట్టమున బుస్సుమన్నచో గాలివాల్వు దోషము. సైలెన్సరులో బుస్సుమన్నచో పొగవాల్వు దోషము. అడుగుపెట్టెలో బుస్సుమన్నచో రింగుల దోషము. చల్లబరచు నీటిలో బుడగలు వచ్చినచో గ్యాస్కెట్టు దోషము. ఈ నాలుగు చప్పుళ్లు తెలిసినవాడు సగము మేస్త్రీ.

మూడవ ప్రశ్న: నూనె లోనికి చేరుచున్నదా? ట్యాంకు విప్పగా అడుగున నల్లని జిగురును, నీరును కనబడెను. పదునాలుగేండ్ల డీజిలు అట్లే యగును. ట్యాంకు కడిగి, గొట్టములు ఊది, ఫిల్టరు మార్చితిమి. డీజిలు పంపులోని ప్లంజరు జిగురుచే పట్టుకొనియుండెను. ఇచ్చట ఒక హెచ్చరిక. ఆ ప్లంజరును, దాని గొట్టమును ఒకదాని కొకటి జతగా నూరి చేయుదురు. వేరొక ఇంజనుదానితో మార్చరాదు, ఎమరీ తగులనీయరాదు. శుభ్రమైన డీజిలులో నానవేసి చేతివ్రేళ్లతోనే వదలింపవలెను. నాజిలుసూది మాత్రము చెడిపోయినందున పట్టణపు డీజిలు మేస్త్రీయొద్ద కొత్తది వేయించి పరీక్ష చేయించితిమి. ఈ పాత ఇంజనుల విడిభాగములు పెద్ద పట్టణముల దుకాణములందు నేటికిని దొరకును. పిమ్మట గొట్టముల కీళ్లు వదులుచేసి బుడగలు లేక నూనె వచ్చువరకు గాలి తీసివేసితిమి. గొట్టములో గాలి చిక్కినచో పంపు ఆ గాలినే నొక్కుచుండును, తుంపర పడదు. నూనె సరిగా చేరినచో చక్రము చేతితో త్రిప్పునప్పుడు నాజిలుకడ కిఱ్ఱుమను చిన్నశబ్దము వినబడును.

నాలుగవ ప్రశ్న: సరియైన వేళకు చేరుచున్నదా? ఐదవనాటి యుదయమున హ్యాండిలు త్రిప్పి చూచితిమి. ఇంజను లేవలేదు గాని సైలెన్సరునుండి తెల్లపొగ వచ్చెను. కుమారులు నిరాశ చెందిరి. నాకు మాత్రము ఆ పొగ శుభశకునముగా తోచెను. ఏలయన, పొగ మాట్లాడు భాష యొకటి కలదు. నల్లపొగ యనగా నూనె హెచ్చు, గాలి తక్కువ. నీలిపొగ యనగా ఇంజనాయిలు సిలిండరులోనికి చేరి కాలుచున్నది. చల్లని ఇంజనునుండి తెల్లపొగ యనగా డీజిలు చేరుచున్నది గాని మండుటలేదు. గాలి బిగువు బాగుగనున్నదని ముందే చూచితిమి గనుక మిగిలినది వేళ యొక్కటే. ఈ జాతి ఇంజనులో పిస్టను శిఖరమునకు చేరుటకు సుమారు ఇరువది డిగ్రీలు ముందుగా తుంపర మొదలు కావలెను. చక్రముమీది గుర్తుతో పోల్చి చూడగా మిక్కిలి ఆలస్యముగా పడుచున్నట్లు తేలెను. పంపు క్రింది మరను ఎవరో ఎన్నడో వదలిపెట్టినారు. దానిని సరిచేసి నట్టు బిగించితిమి.

ఐదవ ప్రశ్న: లేచిన పిదప అదుపున నుండునా? హ్యాండిలు ముట్టుటకు ముందే దీనిని చూచుకొనియుంటిమి. దీనిని మరచినవారు ప్రాణములకే ముప్పు తెచ్చుకొందురు. వేగము పెరిగినప్పుడు గవర్నరు నూనెను తగ్గించును. త్రుప్పుచే దాని కడ్డీ నూనె హెచ్చుగా పోవుచోట పట్టుకొనియున్నచో ఇంజను లేచినవెంటనే అదుపుతప్పి పరుగెత్తును. ఆ వేగమునకు బరువైన చక్రము పగులవచ్చును. కావున కడ్డీ చేతితో సులభముగా కదలుచున్నదో లేదో చూడవలెను. నూనె ఆపు మీట ఎక్కడనున్నదో అక్కడనున్న వారందరికిని తెలియవలెను. అడుగుపెట్టెలోని పాత ఆయిలును తీసి కొత్తది పోసితిమి. నీటిదారులలో గట్టిపడిన సున్నపుపొరను గోకి తొలగించితిమి. పంపు ఫుట్‌వాల్వులోని తోలుబిళ్ల కుళ్లియుండగా కొత్తది కోసి వేసితిమి.

ఆనాడే రెండవమారు హ్యాండిలు వేయగా ఇంజను నాలుగు దగ్గులు దగ్గి నిలుకడగా నడచెను. పంపులో నీరు నింపి బెల్టు తగిలించితిమి. కాలువలోనికి నీరు పడెను. ముసలిరైతు మాట్లాడక పార తీసికొని మొదటి మడవ త్రిప్పుటకు పోయెను. ట్రాన్స్‌ఫార్మరు వచ్చుటకు మరి పదునొకండు దినములు పట్టెను. అన్ని దినములును ఆ ఇంజనే తోటను తడిపెను. పిందెలు కొన్ని రాలినవి. చెట్టు ఒక్కటియు చావలేదు.

ఇంత చెప్పినను ప్రతి పాత ఇంజనును బాగుచేయుడని నేననను. దిమ్మ పగిలినను, క్రాంకు విరిగినను అమ్మివేయుటయే మేలు. ఆరు గుఱ్ఱముల ఇంజను పూర్తిబరువుతో నడచినచో గంటకు లీటరు మొదలు లీటరున్నరవరకు డీజిలు త్రాగును. కావున అది నిత్యావసరమునకు గాదు, ఆపదకు. బోరులో మునిగియుండు మోటారునకు ఈ బెల్టు పనికిరాదు. తెరచిన బావికిని, చెరువునకును, కాలువకును ఇది యుపయోగపడును.

ఇక ప్రాణభయము గల సంగతులు. మీరు గ్రామమునకు పెద్దలు గనుక ఇవి మీ నోట వచ్చినప్పుడే పడుచువారు విందురు. గట్టున నుంచిన పంపు నీటిని లోతునుండి పీల్చుట కొక హద్దు కలదు. ఇరువది ఇరువదైదడుగులకు మించి పీల్చుట కష్టము. అందుచేత నీరు దిగినకొలది ఇంజనును బావిలోని మెట్టుమీదికి దింపు అలవాటు కలదు. ఇది మృత్యువును పిలుచుటయే. ఇంజనుపొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలి ఆడని బావిలో అది నిండును. దిగినవాడు కేక వేయకుండగనే పడిపోవును. వానిని రక్షింపదలచి దిగిన రెండవవాడును, మూడవవాడును అట్లే పడుదురు. కావున బావిలోనికి గాని, తలుపులు మూసిన పాకలోనికి గాని నడచు ఇంజనును తీసికొనిపోరాదు. ఎవడైనను బావిలో పడిపోయినచో వెంటనే ఇంజను నాపి, అగ్నిమాపక దళమును పిలువవలెను, ఊరక దిగరాదు.

నడచు ఇంజనుదగ్గరకు పైపంచె వ్రేలాడుచు పోరాదు. స్త్రీలు కొంగు బిగింపవలెను. బెల్టునకు కంచె కట్టవలెను. హ్యాండిలు పట్టునప్పుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్లప్రక్కనే యుంచవలెను; చుట్టి పట్టినచో వెనుకతన్ను తన్నినప్పుడు ఎముక విరుగును. నాజిలు తుంపరను చేతితో పరీక్షింపరాదు. ఆ వేగమునకు డీజిలు చర్మమును చీల్చుకొని లోనికి పోవును. గాయము సూదిమొనయంత కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

బాగుచేసిన ఇంజనును మరల మూలబడనీయకుండుట మీ చేతిలోని పని. నెలకొకమారు అరగంట నడపుడు. ఆపిన పిదప రెండు వాల్వులును మూసియుండునట్లు, పిస్టను నొక్కుడు శిఖరమున నుండునట్లు చక్రమును నిలుపుడు. అప్పుడు తడిగాలి సిలిండరులోనికి పోదు. సైలెన్సరు మూతికి డబ్బామూత బోర్లింపుడు. ట్యాంకు అడుగు మరను విప్పి నీటిని అప్పుడప్పుడు తీయుడు. నలుగురు రైతులు కలిసి ఒక ఇంజనును ఉమ్మడిగా ఉంచుకొనుట మరియు మేలు. ఎవరెప్పుడు వాడిరో, ఆయిలు ఎప్పుడు మార్చిరో ఒక పుస్తకమున వ్రాయుడు. ఊరిలో ఇద్దరు పడుచువారికి ఆ ఐదు ప్రశ్నలను, నాలుగు చప్పుళ్లను, మూడురంగుల పొగను నేర్పింపుడు. తూకమునకు అమ్మిన ఇనుము ఒక్కనాటి డబ్బు. ఊరిలో నిలిచిన పనితనము ఆపదనాడు పంటను కాపాడును.